గదిలో వాన

మొదటి రెండు బ్యాటరీలనూ నిలబడే ఎత్తి తీసుకెళ్ళాడు. మూడోదానికి మాత్రం మోకాలు నేలకు ఆనించాడు. దాని పట్టుతాడు తెగిపోయి చాలాకాలమైంది; ఆ చోట పాత దుప్పటి అంచు మెలిపెట్టి కట్టుకున్నాడు. ఆ అంచును అరచేతికి చుట్టుకుని, ఒక్క దమ్ము తీసుకుని, పసిపిల్లను పక్క మీంచి లేపినంత మెల్లగా పైకి లేపాడు. లోపలి యాసిడ్ నీళ్ళు తొణకకూడదు. తొణికితే మూతల దగ్గర తడి చేరుతుంది, ఆ తడి చొక్కాకు అంటుతుంది. ఉతికేదాకా చొక్కా బాగానే ఉంటుంది. ఉతికి దండెం మీద వేశాక చిల్లులు కనబడతాయి. అతని చొక్కాలన్నీ పొట్ట దగ్గర జల్లెడలే.

బండి సందు మొదట్లో ఉంటుంది. మూడు చక్రాల బ్యాటరీ బండి, ఎదురెదురు సీట్లు, పైన రేకు. సందులోకి పట్టదు. రాత్రంతా బయట వదిలితే ఏమవుతుందో అతనికి ఒకసారి తెలిసొచ్చింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే సీటు కింద ఖాళీ. ఆ ఖాళీ బండి ముందు నిలబడి, ఏం చేయాలో తోచక, చాలాసేపు దాని అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. అప్పటినుంచి నాలుగింటినీ గదిలోకే మోస్తాడు, గదిలోనే చార్జింగు పెడతాడు, వాటి పక్కనే నడుం వాలుస్తాడు.

వీధిలో అందరూ అతన్ని నిదానం అంటారు. కాళ్ళతో తొక్కే రిక్షా రోజుల్లోనే అంటుకున్న పేరు. ఎవరైనా తొందరపెడితే "నిదానంగా పోదాం బాబూ, ఊరెక్కడికీ పోదు" అనేవాడు. ఊరు నిజంగానే ఎక్కడికీ పోలేదు. భార్య పోయింది. ఆమె మంచం పట్టినప్పుడు బడి మానేసి పొయ్యి దగ్గర కూర్చున్న కూతురు మళ్ళీ బడి మెట్లెక్కలేదు. ఆ పిల్లే ఇప్పుడు ఒక పిల్లకు తల్లి. అల్లుడు దూరాల లారీ నడుపుతాడు. ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. అందుకని కూతురూ మనవరాలూ ఇతని దగ్గరే, ఆ ఒక్క గదిలోనే ఉంటారు.

"నాన్నా, ఇటొకసారి రా."

కూతురు దండెం దగ్గర నిలబడి ఉంది. చంకలో పిల్ల. రెండో చేత్తో ఏదో గుడ్డను ఎండకు ఎత్తి పట్టుకుంది.

"వస్తున్నా తల్లీ. ఇది బండిలో పెట్టేసి వస్తా."

"చేతిలో బరువుంటే కళ్ళు కనబడవా? చూసి వెళ్ళు."

పిల్లకు కప్పే చిన్న దుప్పటి. మెత్తగా, పాలరంగులో ఉంది. దాని మధ్యలో ఆవగింజలంత చిల్లులు నాలుగైదు. వాటిలోంచి పొద్దుటి ఎండ కూతురి మెడ మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.

"ఎలుక కొట్టిందేమో" అన్నాడు.

"ఎలుక కొడితే చుట్టూ పసుప్పచ్చ మరక ఉంటుందా? నీ చొక్కాలు కుట్టీ కుట్టీ నాకు కళ్ళు పోయాయి. వీటిని నేను గుర్తుపట్టలేనా?" ఆమె గొంతు పెద్దదేం కాదు. పెద్దది కాకపోవడమే అతన్ని భయపెట్టింది. "నీ చొక్కాలకైతే నేనెప్పుడూ నోరెత్తలేదు నాన్నా. ఇది దీని ఒంటి మీది గుడ్డ. రాత్రి మళ్ళీ దగ్గింది. దీని ముక్కు కింద వేలు పెట్టుకుని కూర్చున్నా, ఊపిరి ఆడుతోందా లేదా అని. నువ్వేమో గురక."

అతని చేతిలో బరువు అలాగే ఉంది. దించితే నీళ్ళు తొణుకుతాయి.

"ఇవాళ్టి నుంచి అవి గదిలోకి రాకూడదు. అవైనా ఉండాలి, మేమైనా ఉండాలి."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరేనే."

"నీ సరేలన్నీ బండికెక్కిస్తే టైర్లు పేలతాయి" అంది కూతురు. ఆ మాటకు ఆమెకే నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. దుప్పటిని మడిచి, చిల్లులు లోపలికి పోయేలా పెట్టుకుని, గదిలోకి వెళ్ళిపోయింది.

అతను సందులో నడుస్తూ ఆ చిల్లుల గురించే ఆలోచించాడు. తను పిల్లను ఎత్తుకునే ముందు చేతులు కడుక్కుంటాడు. చొక్కా కడుక్కోడు కదా. చొక్కా మీద వేసుకునే కదా జోకొట్టేది.

అసలు ఇందులో అతనికి ఎవరికీ చెప్పని గర్వం ఒకటుంది. పిల్ల ఎవరి దగ్గరా పగలు నిద్రపోదు. ఉయ్యాల ఊపినా, భుజాన వేసుకుని తిప్పినా, కూతురు గొంతు పోయేలా పాడినా కళ్ళు గుండ్రంగా తెరుచుకునే ఉంటుంది. మధ్యాహ్నం అతను వచ్చి, నాలుగు బ్యాటరీలకూ వైర్లు తగిలించి స్విచ్ వేయగానే చార్జరు ఒక్క గొంతుతో గుమ్మని మొదలెడుతుంది. కాసేపటికి బ్యాటరీల మూతల కింద నీళ్ళు చిటపటమంటాయి. ముందు అక్కడో చినుకు, ఇక్కడో చినుకు. తర్వాత దూరంగా ఏదో ఊళ్ళో వాన పడుతున్నట్టు. తర్వాత ఆ వాన మెల్లగా నడిచొచ్చి గదిలోనే కురుస్తున్నట్టు. పిల్ల రెప్పలు బరువెక్కేవి. చలిగాలి తగలకుండా కూతురు కిటికీ వేసేది. ముగ్గురూ ఆ తడవని వానలో పక్కపక్కనే నిద్రపోయేవాళ్ళు. లేచేసరికి తల దిమ్ముగా, కళ్ళు మంటగా ఉండేది. పగటి నిద్ర అంటే అంతేననుకునేవాళ్ళు.

*

పిల్లలు బండెక్కారు. బడిసంచులు, నీళ్ళ సీసాలు, మోచేతుల పొట్లాట.

"తాతా, తాబేలు మనల్ని దాటిపోతోంది!"

"పోనీరా. దానికి మొదటి గంటకే పరీక్షుందేమో."

"తాతా, హారన్ కొట్టు!"

"ఎందుకు? దారిలో ఎవరూ లేరుగా."

"ఊరికే!"

అతను ఊరికే కొట్టాడు. పిల్లలు విజయం సాధించినట్టు అరిచారు. ముందు సీటు అంచున కూర్చున్న రెండు జడల పిల్ల మాత్రం ముక్కు మూసుకుంది. "తాతా, నీ బండి ఏదో కంపు కొడుతోంది."

"కాలువ పక్కన పోతున్నాం కదమ్మా."

కాలువ వెనకే ఉండిపోయింది. ఆ పిల్ల ముక్కు మీంచి చెయ్యి తీయలేదు. అతను గాలి గట్టిగా పీల్చి చూశాడు. ఏమీ లేదు. అతనికి ఎప్పుడూ ఏమీ ఉండదు. వాసనలు అతన్ని వదిలేసి ఎన్నాళ్ళయిందో అతనికే తెలియదు. ఒకసారి పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే, పక్కనే కూర్చుని సీటు కవరుకు కుట్లు వేసుకుంటున్నాడు. కూతురు పరుగెత్తుకొచ్చి "నీకు పరధ్యానం మరీ ఎక్కువైపోయింది నాన్నా" అంది. పరధ్యానమే అని ఒప్పుకున్నాడు. ముక్కు పోయిందని చెప్పడం కన్నా అదే తేలిక. చెబితే కూతురికి దిగులు పడటానికి ఇంకొకటి దొరుకుతుంది. ఆమె దిగుళ్ళు ఆమెకు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

బడి గేటు దగ్గర పిల్లలు దిగాక వాచ్‌మన్ పక్కన నిలబడ్డాడు. వాచ్‌మన్ గదికి బయట, చూరు కింద ఒక ప్లగ్గు ఉంది. చుట్టూ గాలే గాలి. 

"అన్నా, మధ్యాహ్నం పూట నా బ్యాటరీలు ఇక్కడ పెట్టుకోనా? చార్జింగుకి. నేనూ ఇక్కడే కూర్చుంటా."

వాచ్‌మన్ గేటు గడియ వేస్తూ, "పెద్దసార్ని అడగాలి. ఇవాళ ఆయన రాలేదు. చూద్దాంలే" అన్నాడు.

నిదానం తలూపాడు. పిండిమర దగ్గర కూడా అడిగాడు. అక్కడాయన రెప్పల దాకా పిండి నిండిన ముఖంతో "పిండి ఎగిరే చోట నిప్పురవ్వలేవైనా లేస్తే నా గతేంటి? వెనక వసారా ఉంది కానీ అందులో బస్తాలున్నాయి. తీయిస్తాలే, చూద్దాం" అన్నాడు. నిదానం అక్కడా తలూపాడు. అతను ఎవరినైనా ఒక్కసారే అడుగుతాడు. రెండోసారి అడిగితే అవతలివాడికి ఇబ్బందని అతని నమ్మకం. ఇద్దరు చూద్దామన్నారు. అతని లెక్కలో చూద్దాం అంటే సగం దొరికినట్టే.

బ్యాటరీల కొట్టు దగ్గర నీళ్ళు పోయించుకోడానికి ఆగాడు. కొట్టతను మూతలు విప్పి ఒక్కొక్కదాంట్లోకీ టార్చి వేసి చూశాడు. మూడోదాని దగ్గర ఈల వేశాడు.

"బాబాయ్, దీని పొట్ట చూశావా? నా పొట్టకి పోటీ వస్తోంది."

నిజంగానే పక్కలు ఉబ్బి ఉన్నాయి. నిదానం అరచేత్తో నిమిరాడు.

"చార్జింగు ఎక్కడ పెడుతున్నావ్?"

"ఇంట్లోనే."

"ఇంట్లోనా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చార్జింగులో ఉన్నంతసేపూ లోపల గ్యాసు పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు, పేలడానికి ఒక్క రవ్వ చాలు. వైరు పీకేముందు స్విచ్ ఆపుతున్నావా?"

"ఆపుతా."

"కిటికీ తీస్తున్నావా?"

నిదానం మెడలోని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"తీయ్. ఇంకో సంగతి విను. ఇలాంటి ముసలిది మరిగిందంటే ఇంకో రకం గాలి కక్కుతుంది. కుళ్ళిన గుడ్ల కంపు. అది ముక్కుకి తగిలిందా, స్విచ్ ఆపెయ్, ఒక్క ఉదుటున బయటికొచ్చెయ్. కాసేపు ఆగావంటే ఆ కంపు కూడా తెలీదు. ముక్కు మొద్దుబారిపోతుంది. అప్పుడిక అంతే."

"ముక్కుకి తగిలితే" అన్నాడు నిదానం, ఆ మాటను నోట్లో తిప్పి చూసుకుంటున్నట్టు.

"ఆఁ, తగిలితే."

అప్పుడు చెప్పేవాడే. నోరు తెరిచాడు కూడా. ఇంతలో మోటారు సైకిలు మీద ఎవరో వచ్చి గట్టిగా హారన్ కొట్టారు. కొట్టతను అటు తిరిగాడు. నిదానం మూతలు బిగించుకుని, దాని ఉబ్బిన పక్కను ఇంకోసారి నిమిరి, సీటు వేసేశాడు.

*

మధ్యాహ్నానికి బండి నడవనని మొరాయించింది. సందు మొదటిదాకా తోసుకొచ్చాడు. సాయంత్రం బజారు నుంచి బరువులు తేవాలి, రేపు పొద్దున పిల్లల్ని తీసుకెళ్ళాలి. చీకటి పడ్డాక ఆ వీధిలో కరెంటు చాలక దీపాలే గుడ్డిగా వెలుగుతాయి, అప్పుడు చార్జరు పట్టుకోదు. ఎక్కించుకోవడానికి ఉన్నది ఈ పూటే.

మొదటి బ్యాటరీతో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కూతురు పిల్లకు ఒళ్ళు తుడుస్తోంది. చూసింది.

"దొరకలేదా?"

"అడిగాను. చూద్దామన్నారు."

"ఎవరు?"

"ఇద్దరు."

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. గుమ్మం బయట పెడదామా అని తనే చూశాడు. సందు మనిషి వెడల్పే. వచ్చేపోయే పిల్లల కాళ్ళకు వైర్లు తగులుతాయి. ఆమె కూడా అదే చూసింది. పిల్లకు గౌను తొడిగి, రెండు గుడ్డలు భుజాన వేసుకుని లేచింది.

"మేం మిషనక్క దగ్గరుంటాం. ఇవాళ్టికి."

మిషనక్క ఎదురింట్లో బట్టలు కుడుతుంది. కూతురికి అమ్మ లేని లోటు తెలియకుండా చూసుకున్న మనిషి. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

గుమ్మం దాటబోతూ కూతురు ఆగింది. "రేపు కూడా ఇలాగే అయితే..." అని, మిగతాది అనకుండా, "కిటికీ తీసే ఉంచు నాన్నా. తలుపు కూడా" అంది. పిల్ల అతని కేసి చేతులు చాచింది. అతను ముందుకు రెండడుగులు వేసి, చొక్కా చూసుకుని, ఆగిపోయాడు. దూరం నుంచే నాలుక బయటపెట్టి వెక్కిరించాడు. పిల్ల పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది.

నాలుగూ లోపలికి చేరాయి. గోడ వారగా వరుసగా పెట్టాడు. ఒకదాని నుంచి ఒకదానికి వైర్లు తగిలించి, చివర్లో చార్జరు క్లిప్పులు రెండూ సరిగ్గా పట్టాయో లేదో కదిపి చూసి, అప్పుడు స్విచ్ వేశాడు. గుమ్మని మొదలైంది. కిటికీ తీశాడు, తలుపు తీసిపెట్టాడు, కూతురు చెప్పినట్టే.

గాలి లోపలి నుంచి బయటికి వీస్తోంది. కిటికీకి కట్టిన గుడ్డ సందులోకి ఎగురుతోంది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో మిషనక్క కిటికీ. ఆ కిటికీలోంచి పిల్ల గౌను అంచు, కాలి మడమ, కూతురి చెయ్యి. మిషను టకటకలాడుతోంది. ఆ గుడ్డ ఎగిరినప్పుడల్లా సరిగ్గా ఆ మడమ వైపే ఎగురుతోంది.

అతను దాన్ని చాలాసేపు చూశాడు. రంగుండదన్నాడు కొట్టతను. వాసనుండదన్నాడు. మరి అదిప్పుడు ఎటు పోతున్నట్టు? ఈ గదిలోంచి ఎటు పోతుంది? ఎక్కడుంటే దూరమని పిల్లను తీసుకెళ్ళారో, ఆ గాలి అక్కడికే నేరుగా నడిచి వెళ్తోంది కదా.

కిటికీ వేసేశాడు. తలుపు వేశాడు. తలుపు కింద వేలు పట్టేంత సందుంది. మెడలోని తువ్వాలు తీసి, పొడుగ్గా మడిచి, ఆ సందులో దూర్చాడు. మూలల్లో వేలితో నొక్కాడు. చీమ కూడా పోదు. ఇక ఏం పుట్టినా ఇక్కడే ఉంటుంది, తనతోనే. ఇన్నాళ్ళూ ఉన్నదే కదా. అతనికేమైంది గనక? ముక్కే కదా పోయింది.

చాప మీద పడుకున్నాడు.

వాన మొదలైంది. ముందు మూడోదాంట్లో మొదలైంది, ఇవాళ. మిగిలినవి ఇంకా మబ్బు పట్టుకుని ఉండగానే అది జల్లులో పడిపోయింది. ఎదురింట్లోంచి పిల్ల ఏడుపు వినబడింది. నిద్ర ఏడుపే అది, అతనికి తెలుసు. ఈ చప్పుడు లేందే దానికి కునుకు పట్టదు. లేచి వెళ్దామా అనుకున్నాడు. చొక్కా విప్పేసి, ఒళ్ళు కడుక్కుని వెళ్ళి, నోటితోనే గుమ్మని మోగితే సరిపోదూ? ఎందుకు సరిపోదు? ఇన్నాళ్ళూ ఆ ఆలోచనే రాలేదు. చార్జరు చేసే పని తను చేయలేడా? అతనికి నవ్వొచ్చింది. కొంచెం ఆగి వెళ్దాం. నిదానంగా.

గొంతులో ఏదో గరగరలాడింది. కళ్ళు మండితే తుడుచుకుందామని మెడ తడుముకున్నాడు. తువ్వాలు తలుపు దగ్గరుందని గుర్తొచ్చింది. ఉండనీ.

వాన పెద్దదయింది. రేకు మీద, రోడ్డు మీద, రిక్షా టాపు మీద. కాళ్ళ కింద తొక్కుడు బండి పెడల్స్ తిరుగుతున్నాయి, ఎంత తేలిగ్గా తిరుగుతున్నాయో, నూనె వేసినట్టు. వెనక సీట్లో భార్య ఉంది. ఒళ్ళో కూతురు, పలకా సంచీతో. బడికి టైమైపోతోంది కానీ ఎవరికీ కంగారు లేదు. భార్య గొడుగు అతని తల మీదికి చాచింది. "నువ్వు తడిసిపోతున్నావు" అంది. "తడవని వానేలే ఇది" అన్నాడు. రోడ్డు చివర తడి మట్టి వాసన లేచింది. వాసన! అతను ఆశ్చర్యపోయాడు. ఎన్నాళ్ళయింది. తడి మట్టి, కూతురి తలకు రాసిన నూనె, భార్య చేతి సబ్బు, ఒక్కొక్కటీ విడివిడిగా, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు వచ్చాయి. ఎక్కడో చాలా దూరంగా ఒక పసిపిల్ల ఏడుస్తోంది. ఏడుపు సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగింది.

పడుకుందన్నమాట, అనుకున్నాడు. హాయిగా ఉంది.

*

పిల్ల పడుకోలేదు. ఎండ గోడ దిగేదాకా ఏడుస్తూనే ఉంది. మిషనక్క కుట్టడం ఆపి తల పైకెత్తింది.

"ఏమిటే ఈ కంపు? కాలువ గానీ పొంగిందా?"

కూతురు పిల్లను ఊపడం ఆపేసింది. కిటికీలోంచి చూసింది. ఎదుటి కిటికీ మూసి ఉంది. "తీసే ఉంచమన్నానే" అంది, ఎవరితోనో తెలియకుండా. అప్పటికే లేచి పరుగెడుతోంది.

"నువ్వు రాకు! పిల్లతో రాకు!" మిషనక్క ఆమెను పక్కకు నెట్టి ముందు దూకింది. సందులో గోడకున్న మెయిన్ స్విచ్ దించేసింది. చీర కాదు, గౌను కాదు, చేతికందిన కుట్టని బట్ట ఏదో ముక్కుకు చుట్టుకుని తలుపు తోసింది. గడియ లేదు. అయినా తలుపు రాలేదు. భుజంతో తోసింది. కింద ఏదో పట్టుకున్నట్టు మెల్లగా, కొంచెం కొంచెంగా జరిగింది.

అతను గోడ వైపు తిరిగి, మోచెయ్యి తల కింద పెట్టుకుని ఉన్నాడు. పిలిస్తే లేచేవాడిలాగే. కూతురు సందులోంచే "నాన్నా" అని పిలిచింది. తర్వాత ఇంకా గట్టిగా పిలిచింది. పిల్ల ఆ గొంతుకు బెదిరి ఏడుపు మానేసింది.

బ్యాటరీల కొట్టతను వచ్చి నాలుగింటినీ సందు చివరికి మోసుకెళ్ళాడు. మూడోదాన్ని మిగతావాటికి దూరంగా పెట్టాడు. మరునాడు బడి వాచ్‌మన్ వచ్చాడు. పెద్దసారు పెట్టుకోమన్నారని చెప్పడానికి వచ్చి, గుమ్మం దగ్గరి జనాన్ని చూసి, ఆ మాట చెప్పకుండా నిలబడి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక కూతురు గది కడిగింది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసింది. నేల ఆరేదాకా పిల్లను మిషనక్క దగ్గరే ఉంచింది. చివరికి తలుపు వెనక తుడుద్దామని దాన్ని లాగితే, తోసిన తోపుకు మూలకు చేరిన తువ్వాలు అక్కడే ఉంది. ఇంకా పొడుగ్గా, మడత చెదరకుండా, రెండు కొసల్లోనూ అతని వేలు నొక్కిన గుంటలతో.